ఎర్రచెలక ఎవరిది?

రాజేంద్రనగర్,
జూన్ 5

కొండల్ గారికి నమస్కారాలతో,

నా పేరు అఖిల. జొన్న పేలాలు డబ్బాల్లో పెట్టి విమాన ప్రయాణికులకు అమ్ముదామని చిన్న కంపెనీ పెట్టాను. పేరు ‘ఎర్రచెలక’. డబ్బాల మీద పేరు అచ్చేయించాక ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరవబోతే, ఆ పేరు ఇదివరకే మీరు తీసుకున్నారని తెలిసింది. మీ ఖాతాలో ఒక్కటే ఫొటో, అదీ ఉత్త ఎర్రమట్టి. కింద ‘మెసేజీలు చూడను, పనుంటే ఉత్తరం రాయండి’ అని పాల్మాకుల చిరునామా ఇచ్చారు. అందుకే ఈ ఉత్తరం.

దయచేసి ఆ పేరు వదిలేయండి, నేను తీసుకుంటాను. వచ్చే నెలలో శంషాబాద్‌లో దుకాణం తెరవాలి. పేరు చేతికొస్తేనే డబ్బు పెడతానని పెట్టుబడిదారు పట్టుబట్టారు.

ఇట్లు,
అఖిల

తా.క. మీరు ఎలాగూ వాడుకోవడం లేదు కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటాను.

*

పాల్మాకుల,
జూన్ 12

అఖిలమ్మకు కొండల్ దీవించి రాయునది,

‘వాడుకోవడం లేదు’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వాన మీదే పండే మా చెలక కోసం వచ్చిన గోదాముల కంపెనీవాళ్లు కూడా అదే అన్నారు. బీడే కదా అన్నారు. ఆ ఏడు వాన లేదు, బీడు కాక ఏముంటుంది? ఇప్పుడు దాని మీద గోదాములున్నాయి. ఎర్రచెలకలో మాకు మిగిలింది పేరొక్కటే. దాన్ని నా బిడ్డ ఫోన్లో ఎక్కించి ఇచ్చింది. అప్పుడు నోటిమాట నమ్మి దెబ్బతిన్నాం కాబట్టి ఇప్పుడు ఏదైనా కాగితం మీదే.

అమ్మడం నా ఒక్కడి చేతిలో లేదు. కందుకూరులో ఉన్న అక్క భారతమ్మకూ, తమ్ముడు లక్ష్మణ్‌కూ భాగాలున్నాయి. అక్కకు విషయం చెబితే “ఎన్ని గుంటలు అడుగుతున్నరు?” అంది.

ఉంటాను,
కొండల్

తా.క. హద్దులు రాసి పంపండి. తూర్పున ఎవరున్నారు?

*

రాజేంద్రనగర్,
జూన్ 18

కొండల్ గారికి,

ఇది భూమి కాదండీ. గుంటలు ఉండవు, పాలివాళ్లు ఉండరు. ఉత్త పేరు. మీరు కాదంటే వెనకాల ‘హైదరాబాద్’ అనో ‘ఫుడ్స్’ అనో, ముందు ‘అసలైన’ అనో తగిలించుకోగలను. అలాంటివి చుట్టూ బోలెడు ఖాళీగా ఉన్నాయి, ఊరికే వస్తాయి. అయినా అచ్చయిన డబ్బాలు చూసి మిమ్మల్నే బతిమాలుతున్నాను. ఇల్లంతా డబ్బాలే. మా నాన్న వాటి మధ్య ఒక పక్కకే తిరిగి పడుకుంటున్నారు.

అఖిల

తా.క. తూర్పున ఎవరూ లేరు. మళ్లీ అడక్కండి.

*

పాల్మాకుల,
జూన్ 28

అఖిలమ్మకు కొండల్ శుభం కోరి రాయునది,

చుట్టూ ఖాళీ ఉందనీ, ఊరికే వస్తుందనీ తెలిపినందుకు సంతోషం. ఆ ముక్క మా ఊరి రేణుకమ్మ హోటల్ దగ్గర చదివి వినిపించాను. ‘హైదరాబాద్’ తగిలించిన పేరు లక్ష్మణ్ తన ఫోన్లో ఎక్కించుకున్నాడు. ‘ఫుడ్స్’ రేణుకమ్మ తీసుకుంది. ‘అసలైన’ మాత్రం ఆటో ముష్తాక్‌కు దొరికింది. అందరికంటే ముందుంది కాబట్టి తనది రోడ్డు బిట్టు అంటున్నాడు, ఇప్పుడే అమ్మడట.

అక్క ఒక మాటకు వచ్చింది. “ఒకసారి అమ్మి సూసినం. ఇగ అమ్మం” అంది. బిల్డర్లకు ఇచ్చినట్టు డెవలప్‌మెంట్‌కు ఇస్తాం. పేరు మాది, కట్టుకునేది మీరు, చెరి సగం.

కొండల్

తా.క. ఆషాఢంలో ఏదీ చేతులు మారదు. శ్రావణం దాకా ఆగండి.

*

రాజేంద్రనగర్,
జూలై 14

కొండల్ గారికి,

మీ ఆషాఢం అయిపోకముందే మా పెట్టుబడిదారు వెళ్లిపోయారు. సొంత పేరు కూడా దక్కించుకోలేని కంపెనీని నమ్మలేనన్నారు. మేము అనుకున్న దుకాణంలో ఎవరో సెల్‌ఫోన్ కవర్లు పెట్టారు. కంపెనీ మూసేశాను. మీ పేరు మీరే ఉంచుకోండి.

ఏడవడం అయిపోయింది. ఇప్పుడు మూడు పూటలా పేలాలు తింటున్నాను. నాన్న కూడా నాతో కూర్చుని అవే తింటున్నారు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

అఖిల

తా.క. డబ్బాలు ఎవరికైనా పనికొస్తే పట్టుకెళ్లండి. నాన్న మంచం కనబడాలి.

*

పాల్మాకుల,
ఆగస్టు 2

అఖిల బిడ్డకు కొండల్ ఆశీస్సులు,

నీ ఉత్తరం విని అక్క ఆ పూట అన్నం ముట్టలేదు. “పాపం, ఆ పిల్లది గూడ మన తీర్గనే అయింది” అంది. నాకూ మనసు మనసులో లేదు. నువ్వు రాసినట్టే లక్ష్మణ్, ముష్తాక్ ఆటోలో వచ్చి డబ్బాలు తెచ్చారు. వాటి మీద ఉన్నది మా పేరే కదా, వృథా ఎందుకని అక్క జొన్నలు పేలించింది. గోదాముల గేటు ముందు పెడితే లారీ డ్రైవర్లు ఎగబడి కొంటున్నారు. రేణుకమ్మ, ముష్తాక్ కూడా వాళ్ల పేర్లు మాతో కలిపేశారు. ఇప్పుడు ఆ ఖాతాలో రోజూ ఫొటోలు పెట్టే మనిషి కావాలి. మాకు చేతకాదు.

మా చెలక పోయినప్పుడు, పోయినవాళ్లకు ఇంటికో ఉద్యోగం అన్నారు. ఇచ్చారు కూడా. ఆ గోదాముల గేటు దగ్గర కాపలా ఉండేది నేనే. నీ కంపెనీ మా పేరు కిందే పోయింది కాబట్టి మేమూ ఆ పద్ధతి తప్పం. సోమవారం వచ్చి చేరు.

కొండల్

తా.క. డబ్బాలు ఎక్కించేటప్పుడు మీ నాన్నగారు మెల్లగా తనకూ ఏదైనా పని ఉందా అని అడిగారట. ఇంటికి ఒక్కటే, బిడ్డా. మాకూ అంతే ఇచ్చారు.