పక్క షాపాయన సంతకం

నవంబరు 19, బుధవారం

బావగారికి,

గోడకు ఇవతలి నుంచి నమస్కారాలు. మా ఇంట్లో అందరమూ బాగానే ఉన్నాం. మీ ఆరోగ్యం గురించి ప్రత్యేకంగా అడగడం లేదు. మీ దగ్గు గోడలోంచి వినిపిస్తూనే ఉంది, మందు మార్చారని చెల్లాయి కూడా చెప్పింది.

షాపు మధ్య గోడ కట్టుకున్నాక మూడేళ్ళుగా మాటల్లేని మనిషి ఇవాళ ఉత్తరం రాశాడేమిటని మీరు అనుకోవచ్చు. పని పడింది, రాస్తున్నాను. ఇందులో మరేమీ వెతకనక్కర్లేదు. దీనితో జతచేసిన కాగితం కింద మీ సంతకం ఒకటి కావాలి.

విషయం కరెంటు బిల్లు. వేసవిలో నా బైండింగు షాపు మీటరు చచ్చిపోయింది. అంకెలు కనిపించే చోటంతా నల్లబడింది. రీడింగు తీసే అతను నెలనెలా వచ్చి, దాన్ని వేలితో రెండుసార్లు తట్టి, సున్నా కొట్టుకుని పోయేవాడు. నాలుగు నెలలయ్యాక కొత్త మీటరు పెట్టారు. ఆ వెంటనే వచ్చిన బిల్లు చూసి నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. వాడిన యూనిట్లు అన్నచోట సున్నా. కట్టవలసిన మొత్తం అన్నచోట నేను ఏడాదికి కూడా కట్టనంత. మధ్యలో మీటరు లోపం, సర్దుబాటు, సర్దుబాటు మీద సర్దుబాటు అని మూడు వరుసలు. ఎటు నుంచి కూడినా ఆ మొత్తం రాదు.

ఆఫీసుకు వెళ్ళాను. మూడో కౌంటరులో కళ్ళద్దాల గుమస్తా, సున్నా అంటే మీరు వాడలేదని కాదండీ, ఎంత వాడారో మాకు తెలీదని, అన్నాడు. తెలియని దానికి ఇంత కచ్చితమైన మొత్తం ఎలా వచ్చిందని అడిగాను. మీ షాపులో ఏమేం ఉన్నాయో మావాళ్ళు చూసి రాసుకున్నారు, పేపరు కోసే మెషీను, జిగురు కాచే హీటరు, అవి రోజుకి ఎన్ని గంటలు తిరుగుతాయో ఊహించి వేశారు, అన్నాడు. ఊహకి డబ్బు కట్టమంటారా అన్నాను. ఐదో కౌంటరులో అడగమన్నాడు. ఐదో కౌంటరాయన మూడులో అడగమన్నాడు. ఇలా నెలన్నర కాళ్ళరిగేలా తిరిగి, చివరికి ఫిర్యాదుల కమిటీకి అర్జీ పెట్టాను.

అర్జీతో పాటు గోడ కట్టినప్పటి నుంచి వచ్చిన బిల్లులన్నీ వరుసగా పేర్చి, కుట్టి, కాలికో గుడ్డ అట్ట వేసి, వీపు మీద బంగారు అక్షరాలు కూడా కొట్టి తీసుకెళ్ళాను. కమిటీ పెద్దావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, మా రిజిస్టర్లే ఇంత బాగా ఉండవు, ఇలాంటివి పాతిక చెయ్యడానికి ఎంత తీసుకుంటారు అని అడిగారు. ఆర్డరు దొరికేట్టే ఉంది. తర్వాత బిల్లుల్లోకి దిగి, అంత పెద్ద మెషీను ఉండి నెలకి ఇంత తక్కువ యూనిట్లేనా అన్నారు. మెషీను అప్పుడప్పుడే వేస్తాను, ఎక్కువగా చేత్తోనే చేస్తాను, అంతా పొదుపు అని చెప్పాను. మీకూ తెలిసిందేగా, అవతల మీ ప్రెస్సులో ఫ్యాన్లు ఆపే దిక్కుండదని చెల్లాయితో ఎన్నోసార్లు అన్నాను.

చివరికి ఆవిడ పుస్తకం మూసేశారు. పక్క షాపుకీ మీకూ లైన్ల విషయంలో ఏ పేచీ లేదని పక్క షాపాయన సంతకం చేసిస్తే, పాత బిల్లుల సగటు ప్రకారమే మీ బిల్లు ఖాయం చేస్తాం, లేదంటే సోమవారం ఇంజనీరు వచ్చి రెండు షాపుల లైన్లూ విప్పి చూస్తారు అన్నారు. ఎవరో వచ్చి గోడలు తడమడం మీకూ ఇబ్బందే కదా. సంతకం పెడితే ఇద్దరికీ గొడవ వదులుతుంది.

ఒకటో తారీఖున ప్రెస్సు మూసేసి, తాళాలు చెప్పుల షాపు వాళ్ళకి ఇచ్చేస్తున్నారని చెల్లాయి చెప్పింది. వచ్చిందంతా కరెంటు బిల్లుకే పోతోందట, అచ్చు మెషీను అమ్మకానికి పెట్టారట. అది మీ సొంత వ్యవహారం, నేను కలగజేసుకోను. మీరు వెళ్ళేలోపల సంతకం అందితే చాలు. కాగితమంతా చదవక్కర్లేదు, కింద గీత మీద పెడితే సరిపోతుంది.

ఇట్లు,
మీ పక్క షాపు

తా.క. (గురువారం పొద్దున)

సంతకం పెట్టకు బావా.

పైదంతా నిన్న రాశాను. ఇవాళ పొద్దున్నే నీ షటరు కిందనుంచి తోసేద్దామని వంగాను. లోపల నువ్వు ఫోనులో ఎవరితోనో, పాత ఇనుము తూకానికైతే ఇవ్వను, మెషీనుగా కొంటేనే ఇస్తాను అని బతిమాలుతున్నావు. మనిద్దరం కలిసి కొన్న అచ్చు మెషీను అది. కవరు చేతిలోనే పట్టుకుని వెనక్కి వచ్చేశాను.

నా బిల్లు తక్కువ రావడానికి పొదుపు కాదు కారణం. నా కటింగు మెషీను, హీటరు నీ మీటరు మీద తిరుగుతున్నాయి. గోడ కట్టిన రోజు కాగితం రీములు పంచుకున్నాం, నిచ్చెనలు పంచుకున్నాం, గుండుసూదుల డబ్బా కూడా ఒంపుకుని లెక్కపెట్టుకున్నాం. వైర్ల దగ్గరికొచ్చేసరికి, అవతలివాడి దాని మీద చెయ్యి వెయ్యొద్దని నేనూ అన్నాను, నువ్వూ అన్నావు. పాపం ఆ ఎలక్ట్రీషియను ఇద్దరి మాటా మన్నించి, అప్పుడు నాకు విడిగా పెట్టిన మీటరుకి నా ముందుగదిలో లైటూ ఫ్యానూ తగిలించి, మిగతా లైను నీ వైపున్న పాత మీటరు మీదే వదిలేసి పోయాడు. గోడకి ముందు ఎంత బిల్లొచ్చేదో తర్వాతా అంతే వస్తుంటే, అదంతా ప్రెస్సే తాగుతోందని నువ్వనుకున్నావు.

ఇది నాకు నిన్ననే తెలిసిందని రాయొచ్చు. నువ్వు నమ్ముతావు కూడా. కానీ రెండేళ్ళ కిందటే తెలుసు. నువ్వు ఫ్యూజు వేసుకోడానికి మెయిను ఆపిన రోజు నా మెషీను సగం కోతలో ఆగిపోయింది, నెత్తిమీద లైటు మాత్రం వెలుగుతోంది. నువ్వు మెయిను వేశావు, నా బ్లేడు దిగింది. ఆ క్షణానే వచ్చి చెప్పాల్సింది. కానీ నీ బైండింగు సంపాదన దాని కరెంటుకైనా చాలదని విడిపోయేముందు పనివాళ్ళందరి ముందూ నువ్వన్న మాట నాకు కడుపులో మండుతూనే ఉంది. అయితే ఆ కరెంటు ఖర్చు నువ్వే పెట్టుకో అనుకున్నాను. బిల్లుకి భయపడి నువ్వు ఫ్యాను కూడా ఆపుకుని చెమటలు కక్కుతూ అచ్చక్షరాలు కూరుస్తున్నావని చెల్లాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఫ్యాన్ల సంగతి పైన రాసింది అబద్ధం. ఆ రోజు కూడా నేను నోరు విప్పలేదు. ఆమె ముందు తలెత్తుకోలేను, సిగ్గుగా ఉంది.

ఇప్పుడే కరెంటాఫీసుకి వెళ్ళి, సోమవారం ఇంజనీరుని తప్పకుండా పంపమని రాసిచ్చి వచ్చాను. లైన్లు విప్పి చూసి, మూడేళ్ళదీ కలిపి ఎంతంటే అంత నా పేరున వెయ్యమన్నాను. అప్పటిదాకా నా మెషీను స్విచ్చి వెయ్యను. నీ మీటరు దగ్గర నిలబడి చూడు, ఎంత నెమ్మదిగా తిరుగుతుందో నీకే తెలుస్తుంది.

ప్రెస్సు నిన్ను ముంచలేదు, నేను ముంచాను. ఒకటో తారీఖున తాళాలు ఎవ్వరికీ ఇవ్వకు.