నా పొట్టలోని పట్టీకి నీళ్ళు తీయించమని

జిల్లా ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,
సోల్‌గోల్ గ్రామం, ఎగువ వీధి కాపురస్థురాలు, మేంగ్ ఇన్‌గ్యు భార్య తాక్ బోరమ్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా జీర్ణాశయం చుట్టూ బిగించి ఉన్న పట్టీలోని నీటిని, నేను గర్భవతిని అయినందున, వెంటనే తీయించుటకు ఉత్తర్వులు కోరుట గురించి.

నేను మిడిల్ స్కూలు కూడా పూర్తి చేయలేదు కనుక ఇందులో తప్పులుంటే మన్నించ ప్రార్థన. నోటితో చెప్పుకొనుట చేతకాక వ్రాయుచున్నాను. కిందటి నెల తమరి ఆఫీసుకు వచ్చాను. కౌంటరు దగ్గర అమ్మాయి "ఏం కావాలండీ?" అని మర్యాదగానే అడిగింది. "టాయిలెట్ ఎక్కడండీ?" అని అడిగి, అక్కడికి వెళ్ళి చేతులు కడుక్కుని, బస్సెక్కి తిరిగి వచ్చేశాను. ఆ రోజు చెప్పవలసినది ఈ క్రింద మనవి చేసుకొనుచున్నాను.

1. పెళ్ళికి ముందు సియోల్‌లో ఒక క్లినిక్‌లో, లావు తగ్గడానికి, నాకు ఈ పట్టీ వేశారు. సైకిలు ట్యూబు లాంటిది అనుకోవచ్చు. జీర్ణాశయం పైభాగాన ఉంగరంలా చుట్టి ఉంటుంది. ఎడమ పక్కటెముకల దిగువన చర్మం కింద ఒక బిళ్ళ ఉంటుంది. ఆ బిళ్ళలో సూది గుచ్చి నీళ్ళు ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, లాగేస్తే వదులవుతుంది. ఇందుకు నేను ఎవరి మీదా ఫిర్యాదు చేయుట లేదు. బడిలో నేను బెంచీ మీద కూర్చుంటే అవతలి చివర పిల్లలు ఎగిరి పడినట్టు నటించేవారు. అందుకే బడి మానేశాను. పట్టీ వేశాక వీధిలో నడుస్తుంటే ఎవరూ తల తిప్పి చూడకపోవడం ఎంత సుఖంగా ఉండేదో దాచను.

2. ఆ క్లినిక్ మూతపడింది. ఫోను మోగదు. మా ఆయన వెళ్ళి చూస్తే అక్కడ గోళ్ళకు రంగులు వేసే దుకాణం ఉందట. నీళ్ళు ఎక్కించినవారు లేరు. నీళ్ళు నాలో ఉన్నాయి.

3. ఇన్నేళ్ళుగా నేను తినే విధము. పొద్దున పూట పట్టీ మరీ బిగుతుగా ఉంటుంది, మంచినీళ్ళు కూడా కాసేపు ఆలోచించుకుని గానీ దిగవు. మధ్యాహ్నానికి కొంత వదులవుతుంది. అన్నం మెతుకులు చిన్నపిల్లకు నమిలి పెట్టినట్టు నమలాలి. బియ్యప్పిండి ముద్దలైతే అసలు కుదరదు. పండగనాడు అందరి ముందూ ఒక్క ముక్క నోట్లో పెట్టుకున్నాను, అది రొమ్ము ఎముక వెనక ఆగింది. అలా ఆగినప్పుడల్లా నోట్లో జిగురు ఊరుతుంది, కళ్ళ నీళ్ళు వస్తాయి, మాట రాదు. లేచి పెరట్లోకి పోతాను. మాది చలికాలమంతా మంచులో చేపలు ఆరేసే ఇల్లు. దుంగలకు వరసలుగా వేలాడదీసిన చేపలు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. వాటి మధ్య వంగి నిలబడి నేనూ నోరు తెరుచుకుంటాను. తిన్నది తిన్నట్టే బయటికి వస్తుంది.

మా పెరట్లో పనికి వచ్చే ఓక్‌బున్ పిన్ని చూసి నవ్వుతుంది.

"ఏమే బోరమ్, మా ఇంటి పిచ్చుకలు నీకన్నా రెండు గింజలు ఎక్కువే తింటాయే!"

"పొద్దున పూట దిగదు పిన్నీ."

"పొద్దున దిగదు, మాపటికి దిగదు. ఇన్‌గ్యుకి భలే లాభం, బియ్యం మిగుల్తున్నాయి. ఇంకో పెళ్ళాన్ని కూడా పోషించొచ్చు."

అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

4. ఇప్పుడు నేను గర్భవతిని. వేవిళ్ళ వాంతులు, పట్టీ వాంతులు ఏవి ఏవో నాకే తెలియుట లేదు. పొట్ట ఎత్తవలసిన నెలలో నడుము తగ్గింది. పరీక్ష చేసిన డాక్టరమ్మ గారు తెర మీద బిడ్డను చూసి "చిన్నగా ఉంది, బాగా తినాలి" అన్నారు. పట్టీ సంగతి చెప్పాను. నీళ్ళు వెంటనే తీయించుకోమన్నారు. ఆమెకు అది రాదట. నగరంలోని పెద్దాసుపత్రికి పంపారు.

5. పెద్దాసుపత్రిలో జరిగినది. చర్మం కింద బిళ్ళ పక్కకు ఒరిగినట్లుంది, ఎక్స్‌రేలో చూడకుండా సూది గుచ్చం అన్నారు. గర్భిణి కనుక ఎక్స్‌రే తీయం అన్నారు. మా ఆయన నెమ్మదైన మనిషి. అయినా ఆ రోజు గొంతు పెంచారు.

"ఎక్స్‌రే తీస్తే గానీ ముట్టుకోరు. కడుపుతో ఉంటే ఎక్స్‌రే తీయరు. అంటే బిడ్డ పుట్టాక రమ్మంటారా? పుట్టాలనే కదండీ వచ్చాం!"

"మాకు తెలీని చేత్తో వేసిన పట్టీ అండీ ఇది. వేసినవాళ్ళనే పట్టుకోండి," అన్నారు ఆ డాక్టరు గారు.

"వాళ్ళు దొరికితే మీ కాళ్ళెందుకు పట్టుకుంటాం?"

ఇంకో రెండు చోట్ల కూడా ఇదే సమాధానం.

6. ఇకపై వ్రాయునది అర్జీలో వ్రాయదగినదో కాదో నాకు తెలియదు. కానీ ఇది వ్రాయకపోతే నా తొందర తమరికి అర్థం కాదు.

ఆపరేషన్ సంగతి మా అత్తయ్యకు పెళ్ళినాడే తెలుసు. అయితే ఆపరేషన్ అంటే కోసి తీసేయడమే అని ఆమె లెక్క. లోపల ఒక వస్తువు పెట్టి వదిలేస్తారంటే నమ్మదు. "కుట్లు మానిపోయాయి కదే, ఇంకా ఏముంటుంది అక్కడ?" అంటుంది. నా తిండి ఆమెకు ఎప్పుడూ వింతే.

కడుపుతో ఉన్నానని తెలిసిన కొత్తలో, ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర నాకు మూడు చెంచాల తర్వాత మెతుకు ఆగింది. చెంచా కింద పెట్టి, గిన్నె అత్తయ్య వైపు జరిపి, "నాకు చాలు, కడుపు నిండింది. మీరు తినండి," అన్నాను. ఆమె చేతిలోని, అన్నం తినే పుల్లలు బల్ల మీద పడ్డాయి.

"మళ్ళీ అను."

"ఏమనాలి అత్తయ్యా?"

"ఇప్పుడు అన్నదే. అదే మాట. గిన్నె కూడా అట్లాగే జరుపు."

నేను మళ్ళీ అన్నాను, గిన్నె జరిపాను. అప్పుడు చెప్పింది. ఆమె ఈ ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో, పాత బియ్యం అయిపోయి కొత్త బార్లీ ఇంకా పచ్చిగా ఉన్న వసంతంలో, ఆమె కడుపులో మా పెద్ద ఆడపడుచు ఉంది. ఆమె అత్తగారు, అంటే మా ఆయన నాయనమ్మ, పూటకు రెండు మూడు చెంచాలు తిని ఇవే మాటలతో గిన్నె కోడలి వైపు జరిపేదట.

"నేను నమ్మానే," అంది మా అత్తయ్య. "నిండిందంటే నిండిందేమో అనుకున్నా. గిన్నె అడుగు గీరి మరీ తిన్నా. బార్లీ కోతకి రాకముందే ఆవిడ పోయింది. పైకెత్తితే ఏం బరువు లేదు, ఎండిన చేప."

ఆ నాయనమ్మకు ఫొటో లేదు. ఆమె ముఖం ఎలా ఉండేదో ఇప్పుడు అత్తయ్యకు కూడా గుర్తు లేదు. నా ముఖంలోకే చూస్తుంది.

7. ఆ తర్వాత ఇంట్లో కలిగిన మార్పులు. అత్తయ్య నన్ను "ఏమ్మాయ్" అనడం మానేసి "మీరు" అనుచున్నది. గిన్నె రెండు చేతులతో అందించుచున్నది. నేను చెంచా ఎత్తేదాకా తాను ఎత్తదు.

"అమ్మా, బోరమ్‌ని 'మీరు' అనడం ఏమిటే?" అని మా ఆయన అడిగితే, "నీకు తెలీదు, నువ్వు పోయి చేపలు చూసుకో," అంది.

నాలుగు రోజుల క్రితం పొద్దున నేను బల్ల దగ్గరకు వచ్చేసరికి నా అన్నం గిన్నెలో చెంచా నిలువుగా గుచ్చి ఉంది. మనలో అలా ఎవరికి గుచ్చుతామో తమరికి నేను చెప్పనక్కర్లేదు. పితృదేవతలకు పెట్టేనాడు తప్ప చిన్నపిల్లలు ఆటకు గుచ్చినా చెయ్యి మీద కొడతాము. ఆ చెంచా తీయవచ్చునో, నేను తీస్తే ఏమవుతుందో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అన్నం మీద ఆవిరి తగ్గిపోయింది. మా ఆయన వచ్చి చూసి చెంచా పీకి బల్ల మీద కొట్టారు.

"అమ్మా! బతికున్న పిల్లమ్మా ఇది!"

"తెలుసురా. పిల్లకి పక్కన వేరే పెట్టాను, చూడు."

చూస్తే నిజమే. పక్కన ఇంకో గిన్నె ఉంది. దానిలో చెంచా లేదు, పక్కన పెట్టి ఉంది. రెండు గిన్నెలూ నా ముందే, రెండూ నా ఒక్క నోటికే. పొద్దున పూట నాకు ఒక్క ముద్ద దిగదు.

8. పట్టీలో ఉన్నది నీళ్ళేనని నాకు తెలుసు. సూదితో ఎక్కిస్తుంటే కళ్ళారా చూశాను, ఉప్పునీళ్ళు, కళ్ళ నీళ్ళంత తేటగా ఉన్నాయి. లోపల ఎవరూ లేరని తెలుసు. కానీ అయ్యా, మెతుకు ఆగినప్పుడు, ఇదివరకు ఏదో అడ్డం పడిందని అనిపించేది. ఇప్పుడు ఎవరో నాకన్నా ముందు తింటున్నట్టు ఉంటోంది. నెమ్మదిగా, ఎన్నో ఏళ్ళుగా తిననివారు తిన్నట్టు. వారి వంతు అయ్యేదాకా నేను ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. కింద బిడ్డ కూడా కూర్చుని ఉంటుంది కాబోలు. పెద్దవాళ్ళు తిన్నాకనే కదా పిల్లలు. అట్లా అయితే మా బిడ్డ వంతు ఎప్పటికి వస్తుంది?

"నాకు చాలు" అనే మాట ఇంకోసారి అనకూడదని గట్టిగా అనుకుంటాను. నోరు తెరిస్తే అదే వస్తుంది.

9. కనుక తమరిని ప్రార్థించునది ఏమనగా:

మన జిల్లాలో గానీ పక్క జిల్లాలో గానీ ఎవరైనా ఒక సర్జను గారిని, ఎక్స్‌రే లేకుండానే సూది గుచ్చి నీళ్ళు తీయమని ఆదేశించవలెను. నేను వెల్లకిలా పడుకుని ఊపిరి బిగబడితే బిళ్ళ వేలికి తగులుతుంది. ఎటు ఒరిగి ఉందో నేనే వేలు పెట్టి చూపిస్తాను. నాకన్నా ఎక్కువసార్లు దాన్ని తడిమినవారు లేరు. గుచ్చినప్పుడు తప్పితే మళ్ళీ గుచ్చవచ్చు, నేను కదలను.

పట్టీని ఇప్పుడే తీయనక్కర్లేదు. నీళ్ళు తీస్తే చాలు.

నీళ్ళు తీసిన మీదట నేను మళ్ళీ లావు అయితే అందుకు ఎవరినీ బాధ్యులను చేయనని ఇందుమూలముగా అంగీకరించుచున్నాను. ఈ వాక్యం వ్రాయడానికి ముందు కలం కింద పెట్టి పెరట్లోకి వెళ్ళి వచ్చాను. అయినా వ్రాశాను. లావైతే అవుతాను. బెంచీ అవతలి చివర ఎవరు ఎగిరిపడినా సరే.

చివరగా ఒక చిన్న కోరిక. నా పొట్టలో సదరు పట్టీ, గర్భస్థ శిశువు తప్ప వేరే వ్యక్తులెవరూ నివసించుట లేదని తమరి సంతకంతో, ఆఫీసు ముద్రతో ఒక ధ్రువపత్రం ఇప్పించవలెను. మా అత్తయ్య నా మాట నమ్మదు, మా ఆయన మాట నమ్మదు. ముద్ర ఉంటే నమ్ముతుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. చలికాలంలో నా చేతులకు పగుళ్ళు రాకుండా తన చేతి తొడుగులు నాకు ఇచ్చి తాను ఉత్త చేతులతో చేపలు తిప్పింది. ఆమెను మందలించవద్దు. కాగితం ఇస్తే చాలు.

బిడ్డ పెరగవలసిన రోజులు గడిచిపోవుచున్నవి కనుక ఈ అర్జీని మిగతా కాగితాల అడుగున పెట్టనీయక, దయతో వెంటనే చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
తాక్ బోరమ్

తా.క.: నిన్న మధ్యాహ్నం కవరు అంటించబోతుండగా అత్తయ్య వచ్చి ఏం రాశారో చదవమంది. చదవను అనలేక మొత్తం చదివాను. ధ్రువపత్రం దగ్గరికి వచ్చేసరికి చేత్తో ఆపింది.

"లోపల ఎవరూ లేరని ఆఫీసరు గారి చేత రాయిస్తారా?"

ఆమె లేచి ఎండుచేప చారు వేడి చేసి తెచ్చింది. నా ఎదురుగా కూర్చుంది. ఈసారి నా ముఖం వైపు చూడలేదు, పొట్ట వైపు చూసి మాట్లాడింది.

"అత్తమ్మా, ఆ రోజు మీరు పెడితే నేను తిన్నాను. అది నా కడుపులో పిల్ల కోసమేనని మీకు తెలుసు. ఇప్పుడు ఈ పిల్ల తినాలి. మీరు కాస్త పక్కకి జరగండి. వెళ్ళిపొమ్మని అనట్లేదు, జరగమంటున్నా, అంతే."

చారు తాగాను. ఎక్కడా ఆగలేదు. గిన్నె అడుగున మెత్తటి ముక్కలు కూడా దిగాయి. మధ్యాహ్నం పూట పట్టీ వదులవుతుందని, చారు ఎప్పుడూ దిగేదేనని నాకు తెలుసు. మా ఆయన కూడా అదే అన్నారు. ఇవాళ పొద్దున మంచినీళ్ళు మళ్ళీ ఆగాయి. కానీ నిన్న ఆ పూట మాత్రం ఖాళీ గిన్నె చూసి అత్తయ్య, "ఏమ్మాయ్, ఇటు తే, ఇంకో గరిటె పోస్తా," అంది. ఏమ్మాయ్ అనిపించుకుని ఎన్నాళ్ళయిందో, నాకు ఏడుపు వచ్చింది.

కనుక ధ్రువపత్రం గురించి పైన కోరినది కొట్టివేసినట్లుగా భావించగలరు. నీళ్ళు మాత్రం త్వరగా తీయించండి అయ్యా. లోపల చోటు చాలటం లేదు.