సూపర్‌వైజర్ గొంతుతో కోట గేటు

ఆదివారం, జూన్ 2004, జిగణి

ఆటలో మేరీ ఆడే మంత్రగత్తె బతికింది, నా వల్లే. ఇంకా నవ్వొస్తూనే ఉంది.

పాచికలేసి, తలా ఒక పాత్రగా ఆడే మా కథలో ఆ మంత్రగత్తె కోట చెరలో ఉంది, తెల్లారితే ఉరి. చస్తే మేరీ మళ్లీ మొదటి నుంచి ఆడాలి. నా గారడీవాడు మంత్రంతో కోట అధికారి రూపం ఎత్తాడు. కథ నడిపే సునీల్ మెలిక పెట్టాడు.

"రూపమే మారిందప్పా, మాట నీదే. కావలివాడు అనుమానంగా చూస్తా ఉండాడు. ఏమంటావు?"

కోట అధికారులు ఎలా మాట్లాడతారో నాకేం తెలుసు? ఫ్యాక్టరీలో మా సూపర్‌వైజర్ తెలుసు. ఆ వెధవలాగే అరిచాను.

"నిలబడే నిద్రపోతా ఉండావా? పేరేమి నీది? రేపట్నించి రావద్దు పో."

సునీల్ నవ్వలేక చచ్చాడు, కావలివాడు నమ్మాడో లేదో తేల్చే పాచికలు కూడా వేయించలేదు.

"గేటు తీసేసినాడు. తప్పయిందంటా ఉండాడు."

మేరీ నా వీపు మీద చరిచింది.

"బయటపడినాము గదా, ఇంక ఆ రూపం తీసెయ్యప్పా."

తీసే ముందు ఆ కావలివాణ్ణి ఇంకోసారి తిట్టాను. అవసరమే లేదు. కానీ ఎంత హాయిగా ఉందో. మా సూపర్‌వైజర్‌కీ రోజూ ఇంత హాయిగానే ఉంటుందేమో...