ఎవరూ తొడుక్కోని చొక్కా

యూసుఫ్‌గూడ,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అక్కకు,

ప్రభువు దయవల్ల నేనిక్కడ క్షేమంగానే ఉన్నాను. నువ్వు, బావగారు, పింకీ, అమ్మ, అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళకు నూనె రాస్తున్నావా, ఆవిడ వద్దంటే సరేనని ఊరుకుంటున్నావా? బావగారి చొక్కా కాలర్లు రుద్దీ రుద్దీ వేళ్ళు పగిలాయని మొన్న ఫోన్‌లో అన్నావు. ఆయన చెమటకు ఏ సబ్బూ చాలదని పెళ్ళిచూపులనాడే చెప్పాను. నువ్వే వినిపించుకోలేదు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్‌లో నువ్వు మధ్యలో ప్రశ్నలేస్తావు, నేను దారి తప్పుతాను. ఈ సంగతి మొదటి నుంచి చివరిదాకా ఒక్క వరసలో చెబితేగాని నాకే అర్థమయ్యేలా లేదు. నువ్వు ఇన్నేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెప్పినదానివి, అందుకే నీకు రాస్తున్నాను.

ముందు నా సంగతి. నేను బాగానే తింటున్నాను, బెంగపెట్టుకోకు. హాస్టల్లో సాంబారు తియ్యగా ఉంటుంది, గోంగూర అడిగితే పండక్కి చేస్తామంటారు. గది దొరకలేదని అమ్మకు చెప్పకు. ఎక్కడికెళ్ళినా "ఒక్కరేనా? మగవాళ్ళెవరూ లేరా?" అని అడిగి తలుపేసుకున్నారు. హాస్టలే నయమనుకున్నాను. ఇక్కడ వానలు మొదలయ్యాయి. సాయంత్రం ఉరిమితే మన చీరాల గుర్తొచ్చి ఏడుపొస్తుంది. అయినా బాగానే ఉన్నాను.

పింకీ ప్రతిసారీ హీరోలు కనబడ్డారా అని అడుగుతోంది కదా. బస్సు జూబ్లీహిల్స్‌లో పెద్ద పెద్ద గేట్ల ముందు నుంచే వెళ్తుంది, గేట్లు మాత్రం కనబడ్డాయని చెప్పు. మా బడి ఫిల్మ్‌నగర్‌లో కొండ దిగువన ఉంది. హీరోల పిల్లలు మా బడికి రారు. హీరోలకు గొడుగు పట్టేవాళ్ళు, లైట్లు మోసేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, వాళ్ళ పిల్లలు వస్తారు.

ఇక అసలు సంగతి. వార్షికోత్సవానికి పిల్లల చేత సొంతంగా ఏదైనా రాయించమన్నారు ప్రిన్సిపాల్ మేడమ్. ఉత్తినే రాయమంటే గైడులో చూసి రాస్తారని, ఒక చిన్న కవిత ఇచ్చి, అందులో నచ్చిన మాట పట్టుకుని పది వాక్యాలు రాయమందామనుకున్నాను. కవిత నేనే రాశాను. నవ్వకు. ఇదీ కవిత:

వాన వచ్చి వెళ్ళిపోయింది
వాకిట్లో ఎవరూ లేరు
తీగ మీది చొక్కా ఒకటి
ఎవరి కోసమో తడిసింది

ఏడో తరగతి. బోర్డు మీద రాసి వెనక్కి తిరిగితే ఒక్కరూ పెన్ను తియ్యలేదు. ముందు బెంచీ పిల్ల లేచి, "సిచ్యువేషన్ ఏంది టీచర్?" అంది. ఏమీ లేదు, మనసులో ఏమొస్తే అది రాయండి అన్నాను. వాళ్ళకది సుతరామూ నచ్చలేదు. వీళ్ళ ఇళ్ళల్లో పాట ఎలా పుడుతుందో అందరికీ తెలుసట. ముందు ఎవరో ఒకరు కూర్చుని, ఎవరు, ఎవరితో, ఎందుకు ఏడుస్తున్నారో చెబుతారు. ఆ తర్వాతే మాటలు. అది చెప్పకుండా రాయమంటే ఎలాగని నన్నే నిలదీశారు. చివరికి సిచ్యువేషన్ కూడా మీరే అనుకోండని చేతులెత్తేశాను. అంతే, తలలు వంచి ఒకటే రాయడం. చాలామంది రాతల్లో చొక్కా తొడిగినవాడు చచ్చిపోయాడు. కొందరు ఇంటర్వెల్ దాకా ఆగి పగ తీర్చుకున్నారు. ఒకడైతే కవల అన్నదమ్ముణ్ణి కూడా తెచ్చాడు. స్టాఫ్ రూములో చదువుకుని కడుపుబ్బ నవ్వాను.

తర్వాత హారికది చదివాను. హారిక పెద్దగా మాట్లాడదు. వాళ్ళమ్మ సినిమాల్లో కాస్ట్యూమ్స్ పని చేస్తుంది. ఆ పిల్ల రాసింది నీకు నా మాటల్లో చెబుతాను. ఇల్లు అద్దెకడిగినప్పుడు, ఇంట్లో మగమనిషి ఉన్నాడా అని అడిగారట. ఉన్నాడు, ఔట్‌డోర్ షూటింగులకు తిరుగుతుంటాడు అని అమ్మ చెప్పింది. అది నిజమని నమ్మించేందుకు రోజూ పొద్దున ఒక మగ చొక్కా తడిపి తీగ మీద ఆరేస్తారు. వాన సీన్లకు ఒకే రకం చొక్కాలు మూడేసి కుట్టిస్తారట, ఒకటి తడిస్తే మళ్ళీ టేకుకు ఇంకోటి పొడిగా ఉండాలని. అలా మిగిలిపోయినవే ఆ అమ్మ తెచ్చింది. పని అలవాటు కదా, మూడూ ఒకే నీలం గళ్ళవి తెచ్చింది. దాంతో గల్లీలో ఒకామె, మీ ఆయనకు ఒక్కటే చొక్కానా అని జాలిపడిందట. చివరి వాక్యాలు మాత్రం ఆ పిల్లవే రాస్తున్నాను: "మా నాన్నకు ముఖం లేదు. నీలం గళ్ళ చొక్కా ఉంది. ఆయన పొద్దున తడిసి, సాయంత్రానికి ఆరి, ఇంట్లోకి వస్తాడు."

అక్కా, పిల్లను పక్కకు పిలిచి, ఇది నిజమా అమ్మా అని అడిగాను. నేల చూపులు చూస్తూ, "కథ టీచర్. మీరే రాయమన్నరు కదా," అంది. కథే అయితే ఈ పిల్ల మనందరినీ మించిన రచయిత్రి. నిజమే అయితే ఆ ఇంట్లో దాచుకున్నదాన్ని నా నాలుగు ముక్కల కవిత బయటికి లాగింది. దీనికి మార్కులెలా వెయ్యను? కాగితం సంచిలో పెట్టుకుని తిరిగాను. కాని నేను దాన్ని తీసుకోకముందే మేడమ్ కాగితాలన్నీ తిరగేసి, హారిక రాసినదాన్నే వేదిక మీద చదివించాలని తేల్చేశారు. తల్లిదండ్రులంతా వస్తారు. ఆ గల్లీ పిల్లలు ఇంకా కొందరున్నారు మా బడిలో, వాళ్ళ అమ్మానాన్నలూ వస్తారు. వేదిక మీద అది చదివితే ఆ తల్లీకూతుళ్ళు మర్నాడు సామాన్లు సర్దుకోవాల్సిందే. హారిక కూడా ఆ మాట వింది. మధ్యాహ్నం డబ్బా మూత కూడా తియ్యలేదు.

వద్దు మేడమ్ అన్నాను. ఎందుకు అన్నారు. ఏం చెప్పను? కారణం చెబితే గుట్టు నేనే విప్పినట్టవుతుంది. కథే కదా సుగుణా, నీకెందుకంత భయం అని నవ్వారావిడ.

పోయిన ఆదివారం చర్చి నుంచి అటే వెళ్ళాను. వాళ్ళుండేది యూసుఫ్‌గూడలోనే, నా హాస్టల్‌కు దగ్గర్లోనే. వెళ్ళి ఏం చేస్తానో నాకే తెలియదు. తల్లీకూతుళ్ళు మార్కెట్‌కు వెళ్ళారట, ఇల్లుగలామె యాదమ్మగారు గడప దగ్గర చిక్కుడుకాయలు తుంచుతోంది. తీగ మీద నీలం గళ్ళ చొక్కా ఉంది. నీళ్ళు కారుతున్నాయి. నేను హారిక టీచర్నని చెప్పి, చూపు మాత్రం అటే పోనిచ్చాను. ఆవిడ కనిపెట్టేసింది.

"చొక్కా దిక్కు జూస్తున్నరా టీచరమ్మా?" అంది. "మగోడు తొడిగితే కాలర్ మాస్తది. గా చొక్కా కాలర్ నేను ఒక్కనాడు మాసింది చూడలే. వాళ్ళొచ్చిన నెలలనే నాకు ఎరుకైంది. మా ఆయనకు జెప్తే ఖాళీ చెయ్యమంటడు. అందుకే చెప్పలే. గల్లీల మంది నమ్మితే సాలు. నాకు ఎరుకైందని మాత్రం వాళ్ళకు చెప్పకుండ్రి, పాపం సిగ్గుపడ్తరు."

ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాను. ఆ తల్లి యాదమ్మగారికి తెలియదనుకుని రోజూ చొక్కా తడుపుతోంది. యాదమ్మగారు తెలియనట్టు రోజూ చూస్తోంది. ఇప్పుడు మధ్యలో నేనొకదాన్ని. ఎవరికి ఏది చెప్పకూడదో గుర్తుపెట్టుకోవడమే నా పనైపోయింది. మంచి జరుగుతోందో మోసం జరుగుతోందో కూడా తెలియడం లేదు. నీకు తెలిస్తే చెప్పు.

సోమవారం హారికే నా దగ్గరికి వచ్చింది. "వెర్షన్ మార్చిన టీచర్," అని కొత్త కాగితం చేతిలో పెట్టింది. సినిమా వాళ్ళ పిల్ల కదా, ఒకటి కుదరకపోతే ఇంకోటి రాస్తారని తెలుసు. కొత్తదాంట్లో వాళ్ళ నాన్న వానలో తడిసి ఇంటికొస్తాడు. చొక్కా విప్పి తీగ మీద పడేస్తాడు. టీలో చక్కెర తక్కువైందంటాడు. లెక్కల్లో మార్కులెందుకు తగ్గాయని కూతుర్ని తిడతాడు. అంతే, ఇంకేమీ లేదు. మేడమ్ చదివి, ఇదే బాగుంది, పాజిటివ్‌గా ఉందన్నారు. వచ్చే శుక్రవారం అదే చదువుతుంది.

గండం గడిచిందని సంతోషపడాలి కదా. కాని ఆ తిట్టే నాన్నను చదివినప్పుడు నాకు దుఃఖం ఆగలేదు, బాత్‌రూములోకెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను. చివరికి రెంటికీ ఒకే మార్కులు వేశాను. అది సరో కాదో తెలియదు. ఆ మొదటి కాగితం హారికకే ఇచ్చేశాను, చించుకుంటుందో దాచుకుంటుందో తనిష్టం.

ఇకమీదట పిల్లలకు కవితలివ్వనా, మాననా? అది కూడా రాయి.

అమ్మకు, బావగారికి నా వందనాలు. పింకీకి ముద్దులు. పెద్దమ్మను, పాస్టరుగారిని అడిగానని చెప్పు. శుక్రవారం ఆ పిల్ల వేదిక ఎక్కే వేళకు నువ్వు కూడా ఒక మాట ప్రార్థన చెయ్యి. నా కోసం బెంగపడకు, నేను బాగానే ఉన్నాను.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
సుగుణ

తా.క.: బావగారివి పాత చొక్కాలు రెండు మూడుంటే కొరియర్‌లో పంపు. రంగులు వేరువేరుగా ఉండాలి, నీలం గళ్ళది మాత్రం వద్దు. బడి నాటకానికి తెప్పించాను, నాటకం మానేశాం, మీ అమ్మగారికి పనికొస్తాయేమో చూడమని చెప్పి హారికకు ఇస్తాను. ఆ కాలర్లు చూసి ఎలా పంపనని సిగ్గుపడతావేమో, ఉతక్కుండా పంపు.