రెండో ఆట గేటు డబ్బు

ఆదివారం, రాత్రి

రోల్డ్‌గోల్డ్ షాపు తమ్ముడికి అప్పజెప్పి నాగాయలంక వెళ్లాను, మా ఫుట్‌బాల్ క్లబ్బు తరఫున వాళ్ల క్లబ్బు వాటా ఇచ్చి రావడానికి. కప్పు మ్యాచుల్లో ఖర్చులు పోను టికెట్ల మీద వచ్చిన గేటు డబ్బు రెండు క్లబ్బులకీ చెరిసగం, ఎవరు గెలిచినా సరే. వాళ్ల సెక్రటరీ ఏసుబాబు అసలు లెక్కే చూడలేదు. "బందరోళ్ల లెక్కలో తప్పు పట్టేదెవరు బావా!" అని నవ్వి, గోల్‌కీపర్ ప్రభుదాసు ఇంటికి తీసుకెళ్లాడు.

మోకాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. ఇక పడవెక్కి వల లాగడం కుదరదని డాక్టరు తేల్చేశాడట.

మొదటి మ్యాచ్ డ్రా అయినప్పుడే కుంటుతున్నాడు. మా కప్పు రూలు ప్రకారం అప్పుడే పెనాల్టీలు కొట్టించి తేల్చేయాలి. నేనే ఏసుబాబుని పక్కకి పిలిచాను. "ఇంత జనం వచ్చారు బావా, వచ్చే ఆదివారం మళ్లీ ఆడిస్తే ఇంకో గేటు డబ్బు వస్తుంది" అన్నాను. రిఫరీని ఒప్పించిందీ నేనే. ఆ రెండో ఆటలోనే ప్రభుదాసు బంతి కోసం దూకి, మళ్లీ లేవలేదు.

వాళ్లావిడ టీ ఇచ్చింది.

"డ్రా అయితే మళ్లీ ఆడాలని రూలంట కదండీ" అన్నాడు ప్రభుదాసు. "రూలుకి మీరేం చేస్తారండీ? బాధపడకండి."

ఏసుబాబు గుమ్మం వైపు చూశాడు. నేను అవునన్నట్టు తలూపాను.

ఇప్పుడు కళ్లు మూస్తే చాలు, అతనే నన్ను ఓదారుస్తున్నాడు...