పులుసు ఉడికే సమయం

అమ్మమ్మా,

ఆదివారం నీ సంవత్సరీకం. ఆలోగా నీ కొర్రమీను పులుసు నా బ్లాగులో నీ పేరుతో పెట్టాలని కూర్చుని, ఒక్క గడి దగ్గర ఆగిపోయాను. అందుకే నీకు రాయాల్సి వస్తోంది.

వంటకం వివరాలు ఇంటర్నెట్ సెర్చ్‌కి అర్థం కావాలంటే పేజీ వెనక కోడ్‌లో ఒక్కో వివరానికీ ఒక్కో గడి నింపాలి. ఆ కోడ్ నీ పేరు తీసుకుంది, చింతపండు తీసుకుంది. ఉడికే సమయం మాత్రం నిమిషాల్లోనే కావాలంటోంది. "నూనె తేలేదాకా" అని రాస్తే ఎర్రగా తప్పు చూపిస్తోంది. పొద్దుటి నుంచి ఇదే గొడవ.

విసుగొచ్చి ఏలూరు నుంచి అమ్మకి ఫోన్ చేసి, నీ పులుసు ఎన్ని నిమిషాలు ఉడికేదని అడిగాను.

"ఏమోనే, పులుసు పొయ్యి మీద పెట్టి, కొల్లేటి గట్టు మీద వలలు ఆరేసి వచ్చేది. వచ్చేసరికి అయిపోయేది."

"వలలు ఆరెయ్యడానికి ఎంతసేపమ్మా?"

"దార్లో ఎవరు కనబడ్డారన్నదాన్ని బట్టి ఉండేది. చదువుకున్నదానివి, నువ్వే ఏదో ఒకటి రాసెయ్యి!"

ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే అని అన్నీ నా మీదే తోసేస్తారు. సరే, నేనే వండి చూశాను. అరగంట ఉడికిస్తే పులుసు నీళ్ళలా ఉంది. ఇంకాసేపు ఉంచితే ముక్క చెదిరిపోయింది.

ఆ గడి ఖాళీగా వదిలేసినా పర్లేదట. నాకే మనసొప్పడం లేదు. తప్పు రాస్తే ఎవరెవరో వండుకుని, నీ చేతి వంట ఇంతేనా అనుకుంటారు.

శనివారం సాయంత్రంలోగా చెప్పు. గట్టు మీద సరిగ్గా ఎంతసేపు కబుర్లు చెప్పేదానివి?