లీవ్ అన్నానా, లే అన్నానా

నవంబర్ 2, ఆదివారం

కొత్త మేనేజర్ వచ్చి ఇవాల్టికి నెల. పేరు శ్యాం. తెల్ల షూస్, మెడలో విజిల్, చేతిలో ట్యాబ్. మానుకోటలో మా ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్‌కు ఇలాంటివాడు దొరకడం అదృష్టమని సెక్రటరీ ఊదరగొడుతున్నాడు. ఏమో బాబూ. నాకైతే ఆయన సెంటు వాసనే పడదు.

పాత మేనేజర్ పోశాలు సార్ దగ్గర బీడీ కంపు. అబద్ధమెందుకు, ఆయన సెకండ్ హాఫ్‌లో కునుకు తీసేవాడు. ఒకసారి జెర్సీల మూట ఇంట్లో మరచిపోయి కేసముద్రం దాకా వచ్చాడు. శ్యాం సార్ ఏదీ మరచిపోడు. ఈ నెలలో నాలుగు మ్యాచ్‌లు ఆడాం, నాలుగూ గెలిచాం. అదే నా మంట.

నవంబర్ 5

కొత్త రూల్. గ్రౌండ్‌లో తండా భాష బంద్. ఇంగ్లిష్ కాల్స్ మాత్రమే. బంతి నాదైతే మైన్, వదిలేయమంటే లీవ్. నోరు జారితే గ్రౌండ్ చుట్టూ అయిదు రౌండ్లు.

టీమ్‌లో తొమ్మిది మందిమి తండా పిల్లలమే. పోశాలు సార్‌ది మా భాష కాదు. అయినా మా అమ్మలను అడిగి నాలుగు ముక్కలు నేర్చుకున్నాడు. ఆవ్ అంటే రా, జా అంటే పో, లే అంటే తీసుకో. ఆయన నోట అవి ఎంత వంకరగా వచ్చేవో! పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. నవ్వుతూనే ఆడేవాళ్ళం. అవతలి టీమ్‌కు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

డిఫెన్స్‌లో ఆడే జమున ఊరుకోదు కదా. సార్, మా భాష మీకు జరంత గూడ రాదా, అని అడిగింది. నాది హన్మకొండ, గదంతా నాకు రాదు, టైం వేస్ట్ చెయ్యకు, అన్నాడు.

నవంబర్ 9

ఇవాళ పదిహేను రౌండ్లు. కీపర్‌ని, నాకే ఎక్కువ అరవాల్సి వస్తుంది మరి. ఛీ.

నవంబర్ 16, సాయంత్రం, జనగామ నుంచి తిరిగొస్తూ

సెమీఫైనల్. 2-1తో ముందున్నాం. అయిదు నిమిషాలే ఉన్నాయి. బంతి ఎత్తుగా నా వైపు వచ్చింది. లీవ్ అని అరిచాను. జనం గోలలో ఆ చివరి అక్షరం ఎక్కడ పడిపోయిందో! జమునకు లే అని వినబడింది. తీసుకోమన్నాననుకుని ఎగిరి తల పెట్టింది. బంతి నా మీదుగా మా గోల్‌లోకే పోయింది.

పెనాల్టీల్లో రెండు ఆపాను. బతికిపోయాం. ఇక భూపాలపల్లిలో ఫైనల్ గెలిస్తే హైదరాబాద్, రాష్ట్ర లీగ్. నాకు ఇరవై మూడు నిండాయి. ఈ ఏడు పోకపోతే మరి పోయేది లేదు.

కానీ మ్యాచ్ అయ్యాక శ్యాం సార్ అందరి ముందూ జమునను నిలబెట్టాడు. కీపర్ ఏమన్నది, నువ్వేం చేసినవ్, ఎంత చెప్పినా తండా బుద్ధి పోనియ్యరా మీరు, ఫైనల్‌ల నువ్వు లేవు పో, అన్నాడు. అది నా వైపు తిరిగి, అక్కా, నువ్వు లే అన్నవ్ గదా, అని మెల్లగా అడిగింది.

నేను తల వంచుకుని గ్లోవ్స్ విప్పుకుంటూ కూర్చున్నాను. తప్పు నా కాల్‌దని తేలితే ఫైనల్‌కు ఆ గ్లోవ్స్ రెండో కీపర్ సౌందర్యకు పోతాయని భయం.

నవంబర్ 17

నా మీద నాకే అసహ్యం.

నవంబర్ 18

ఫైనల్‌కు పోవడానికి విత్తనాల షాపులో సెలవడిగాను. మళ్ల లీవా, అన్నాడు షావుకారు. ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతోంది.

నవంబర్ 20

పోశాలు సార్‌కు ఫోన్ చేశాను. మోకాలి ఆపరేషన్ అయ్యాక భూపాలపల్లిలో కూతురి దగ్గర ఉంటున్నాడు. అంతా చెప్పి, శ్యాం సార్‌ను నాలుగు తిడతాడేమోనని చూశాను. నన్నే తిట్టాడు. వాని సంగతి పక్కకు పెట్టు బిడ్డా, మాట నీ నోట్లెకెళ్లి వచ్చింది, దెబ్బ ఆ పొల్లకు పడ్డది, నువ్వెందుకు జెప్పలే, అన్నాడు.

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఈ ముసలాయనైనా నన్ను వెనకేసుకొస్తాడనుకున్నాను.

నవంబర్ 22, భూపాలపల్లి

మధ్యాహ్నం దిగాం. వాటర్ క్యాన్ కోసం వ్యాన్ వెనక్కి వెళితే అక్కడ శ్యాం సార్ ఫోన్‌లో ఉన్నాడు. నన్ను చూడలేదు. యాడీ, అంటున్నాడు.

యాడి అంటే అమ్మ. మా భాషలో!

గోళీ లే యాడీ, లే, అని బతిమాలుతున్నాడు. మందుగోళీ తీసుకోమని. మా తండాలో మావాళ్ళు మాట్లాడినట్టే, ఎక్కడా వంకర లేకుండా.

పోశాలు సార్ రాని భాష నేర్చుకున్నాడు. ఈయన వచ్చిన భాషను రాదన్నాడు. లీవ్ తెగితే లే ఎలా అవుతుందో, జమున ఎందుకు ఎగిరిందో ఈయనకు తెలియకపోవడమేమిటి? తెలిసీ ఆ పిల్లను తండా బుద్ధి అన్నాడు. థూ.

క్యాన్ మోసుకొస్తుంటే ఇంకోటి తట్టింది. తెలిసీ నోరు మూసుకున్నది ఆయనొక్కడే కాదు.

నవంబర్ 23, ఉదయం 9

సార్ కుర్చీలో కూర్చుని ట్యాబ్ చూస్తూ టీమ్ చదివాడు. జమున పేరు లేదు. నేను ఎదురుగా నిలబడి చెప్పేశాను. తప్పు నాది, నా లీవ్ సగమే బయటికి వచ్చింది, జమున విన్నది కరెక్టే, దాన్ని ఆడించండి అని. ఇప్పుడు యాదికొచ్చిందా, గట్లయితే నువ్వు గూడ కూసో, అన్నాడు.

గ్లోవ్స్ విప్పాను. చెయ్యి చాచలేదు. ఛాతీకి ఆనించి పట్టుకుని ఒక్కటే మాట అన్నాను. లే.

తెలుగు మాటనుకుంటే లేచి నిలబడాలి. ఆయన లేవలేదు. కూర్చున్నచోటి నుంచే రెండు చేతులూ చాచాడు, తీసుకోవడానికి.

తండా పిల్లలమందరం ఆ చేతుల వంకే చూశాం. ఆయన ముఖం నల్లబడింది. గ్లోవ్స్ ఒళ్ళో పెట్టుకుని, ట్యాబ్‌లో టీమ్‌లోకి జమున పేరు ఎక్కించాడు.

నవంబర్ 23, సాయంత్రం

గెలిచాం, 1-0. జమున మ్యాచంతా ఆడింది. నేను బెంచ్ మీద. చూడ్డానికొచ్చిన పోశాలు సార్ సెకండ్ హాఫ్‌లో నిద్రపోయాడు.

గ్లోవ్స్ ఇంకా శ్యాం సార్ దగ్గరే ఉన్నాయి. తిరిగి ఇవ్వాలంటే నాకు లే అనాలి కదా.